ఫోటో ఒకటి, దాని వెనక నాలుగు మాటలు: తీయడం, అడగడం, రాయడం, దాచడం ఎలా

మా ఇంట్లో ఒక బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఉంది. మా తాత కుర్చీలో కూర్చుని ఉంటాడు. పక్కన ఇంకొకాయన తాత భుజం మీద చెయ్యేసి నవ్వుతూ నిలబడి ఉంటాడు. ఆయనెవరో ఇప్పుడు ఇంట్లో ఎవరికీ తెలీదు. తెలిసినవాళ్లంతా పోయినారు. ఫోటో వెనక్కి తిప్పితే చిత్తూరు స్టూడియో ముద్ర ఒకటి, అదీ సగం చెరిగిపోయింది. తాత భుజం మీద చెయ్యేసేంత చనువున్న మనిషి మాకిప్పుడు 'ఎవరో ఒకాయన'.

అప్పట్నుంచి ఫోన్లో తీసే ప్రతి మంచి ఫోటో కిందా నాలుగు మాటలు రాస్తున్నాను. చూసినవాళ్లు పదే పదే అడుగుతున్నారు, ఆ సంగతులన్నీ మీకెట్లా తెలుస్తాయని. అడిగితే తెలుస్తాయి. ఎప్పుడు అడగాలి, ఏం అడగాలి, ఎక్కడ రాసుకోవాలి అన్నదానికి ఒక వరుస ఉంది. ఖరీదైన కెమెరా అక్కర్లేదు. మూణ్ణాలుగేళ్ల పాత ఫోనైనా చాలు.

1. బయల్దేరే ముందు

ముందు రోజు రాత్రి పది నిమిషాలు చాలు.

- ఫోన్ లెన్సును మెత్తటి నూలు గుడ్డతో తుడవండి. ఫోటోలు పొగమంచు పట్టినట్టు వస్తున్నాయని నన్ను అడిగినవాళ్లలో సగం మందికి జబ్బు ఇదే. జేబులోని చెమట, చేతి జిడ్డు.
- కెమెరా సెట్టింగుల్లో గ్రిడ్ గీతలు పెట్టుకోండి. గోపురాలు, కరెంటు స్తంభాలు పక్కకి ఒరగవు.
- లొకేషన్ ఆన్ చేయండి. ఎక్కడ తీశారో ఫోనే రాసిపెట్టుకుంటుంది.
- తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయా చూడండి.
- బ్యూటీ ఫిల్టర్ తీసేయండి. ముసలాయన నుదుటి మీది ముడతలు పోతే ఇంక ఆ ఫోటోలో ఏం మిగులుతుంది?
- పోర్ట్రెయిట్ మోడ్ కూడా వద్దు. మనిషి వెనకున్న అంగడి బోర్డు, గోడ మీది క్యాలెండరు, మూలనున్న సైకిలు అన్నిటినీ అది మసక చేసేస్తుంది. కథ చాలాసార్లు అక్కడే ఉంటుంది.
- జేబులో చిన్న నోటు పుస్తకం, పెన్సిలు.

పుస్తకం ఎందుకు, ఫోన్లోనే రాసుకోవచ్చు కదా అంటారు. రాసుకోవచ్చు. కానీ ఎదుటి మనిషి మాట్లాడుతుంటే మీరు ఫోన్లోకి చూస్తూ టైప్ చేస్తే, వాట్సాప్ చూసుకుంటున్నారనుకుని ఆపేస్తారు. పుస్తకంలో రాస్తుంటే ఇంకో రెండు మాటలు ఎక్కువే చెప్తారు.

2. ఒక చోటు పట్టుకోండి

ఊరంతా తిరిగితే ఫోటోలు దొరుకుతాయి గానీ కథలు దొరకవు. ఒకే చోటికి నాలుగు వారాలు, అదే రోజు, అదే వేళకు వెళ్లండి. మొదటి వారం మీరు కొత్త మనిషి. రెండో వారం "మొన్న కూడా వచ్చినావే" అంటారు. మూడో వారం టీ ఇస్తారు. నాలుగో వారం చెప్తారు.

తిరుపతిలో ఉంటే గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న మాడవీధులు మొదటి పాఠానికి మంచివి. పొద్దున ఆరు గంటలకు పూలబుట్టలు దిగుతాయి, అంగళ్ల ముందు కళ్లాపి చల్లుతారు, గుండ్లు చేయించుకుని కొండ దిగిన కుటుంబాలు బొమ్మలు బేరం చేస్తుంటాయి. వానలు బాగా పడి కపిలతీర్థం జలపాతం దూకే రోజుల్లో అక్కడికి పోండి. అందరూ నీళ్లను తీస్తారు. మీరు నీళ్లను చూస్తున్న మొహాలను తీయండి.

చిత్తూరు వైపు ఉంటే మామిడి కాలం వదలొద్దు. తోతాపురి కాయల లోడుతో గుజ్జు ఫ్యాక్టరీల బయట ట్రాక్టర్లు వరసగా నిలబడి ఉంటాయి. ట్రాలీ కింద నీడలో తువ్వాలు పరచుకుని పడుకున్న డ్రైవరు, ఇంటి నుంచి వచ్చిన సద్ది క్యారియరు, ఎండకు మెత్తబడుతున్న కాయను నొక్కి చూసుకుంటున్న రైతు. కాయలు కనబడని ఫోటోలో కూడా ఆ ఏడు ధర ఎట్లా ఉందో కనిపిస్తుంది. చలికాలంలో పల్లెల్లో బెల్లం వండేచోట్లు ఉన్నాయి. అక్కడి ఫోటో కష్టం సంగతి ఐదో అంశంలో చెప్తాను.

3. ముందు మాట, తర్వాత ఫోన్

దూరం నుంచి జూమ్ చేసి దొంగచాటుగా తీయడం నాకు నచ్చదు. ఫోటో కూడా బాగుండదు. ఫోన్ జూమ్ చాలా వరకు ఉన్న బొమ్మనే సాగదీస్తుంది. నాలుగడుగులు దగ్గరికి వెళ్లడమే మంచి జూమ్.

అయితే పని మధ్యలో ఉన్న మనిషిని ఆపి అడిగితే పని ఆగిపోతుంది, మనిషి కొయ్యబారిపోతాడు. దీనికి నేను పాటించే వరుస ఇది. ముందు పలకరించండి. ఏదైనా కొనగలిగితే కొనండి. ఫోన్ చూపించి అడగండి. ఒప్పుకున్నాక ఒకటి వాళ్లకు నచ్చినట్టు, నిటారుగా నిలబెట్టి తీయండి. అది వాళ్ల ఫోటో. తీసి చూపించండి. తర్వాత ఇక మిమ్మల్ని మరిచిపోయి పనిలో పడతారు. అప్పుడు తీసేది మీ ఫోటో.

"అవ్వా, పూలు కట్టేటప్పుడు ఒక ఫోటో తీసుకుంటా, తీసుకోమంటావా?"

"నన్నెందుకు నాయనా, మొగం కూడా కడుక్కోలా."

ఇది ఒప్పుకోలూ కాదు, కాదనడమూ కాదు. ఇంకాసేపు కూర్చోండి. మొగం కడుక్కుని వస్తే ఒప్పుకున్నట్టు. చెంగు అడ్డం పెట్టుకుంటే లేచి వచ్చేయండి. ఇంకోసారి అడగొద్దు.

ఈ కింది చోట్ల మొహమాటం లేకుండా ఫోన్ జేబులో పెట్టేయండి:

- తిరుమల గుడిలోకి ఫోన్లు, కెమెరాలు తీసుకుపోనివ్వరు. క్యూలోకి పోయేముందే డిపాజిట్ చేయాలి. కొండ మీద డ్రోన్ ఎగరేయడం నిషేధం. మిగతా గుళ్లలో బోర్డు చూసుకోండి, లేకుంటే అడగండి.
- కళ్యాణకట్టలో తలనీలాలు ఇస్తున్నవాళ్లు, కోనేట్లో స్నానం చేస్తున్నవాళ్లు. అది వాళ్ల మొక్కు, మన సబ్జెక్టు కాదు.
- పిల్లలు ఉంటే అమ్మానాన్నలను అడిగాకే. పిల్లోడు తలూపితే సరిపోదు.
- ఆస్పత్రి వరండా, చావు ఇల్లు.

4. ఒక సంగతికి ఐదు ఫ్రేములు

కొత్తవాళ్లు ఒకే కోణంలో ముప్పై తీస్తారు. ముప్పై ఉన్నా ఒకటే ఫోటో. బదులుగా ఏ సంగతి కనబడినా ఈ ఐదూ తీయండి.

- దూరంగా ఒకటి: ఎక్కడున్నారో తెలిసేట్టు, వీధి మొత్తం.
- మధ్యదూరం: మనిషీ, పనీ కలిసి.
- చేతులు మాత్రం.
- వస్తువు మాత్రం: త్రాసు, పొట్లం, చెప్పులు, చీటీ.
- అయిపోయాక: మనిషి లేచి వెళ్లిపోయిన చోటు.

చివరిది అందరూ మరిచిపోతారు. నాకు ఎక్కువ ఇష్టం అదే. పూలు కట్టే అవ్వ వెళ్లిపోయాక మెట్టు మీద మిగిలిన తడి గోనెసంచి, రెండు తెగిన మల్లెమొగ్గలు. మూడోది, చేతుల ఫ్రేము, ఇంకో పనికి కూడా వస్తుంది. అది సాక్ష్యం. ఎందుకో ఆఖర్లో తెలుస్తుంది.

5. వెలుగుతో తంటాలు

మన దగ్గర ఎండ సంగతి తెలిసిందే. తొమ్మిది దాటితే మొహాల మీద కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి. సాయంత్రం నాలుగున్నర దాకా నీడలోనే తీయండి. పందిరి కింద, అరుగు మీద, తలుపు పక్కన. మనిషి మొహం వెలుగు వచ్చే వైపుకు ఉండాలి, మీ వీపు కూడా ఆ వెలుగు వైపే.

మనిషి వెనక ఆకాశం తెల్లగా ఉండి మొహం నల్లబడితే, తెర మీద మొహాన్ని వేలితో తాకండి. పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని పైకి జరిపితే మొహం తేటపడుతుంది. వేలు కాసేపు అదిమి పట్టుకుంటే ఆ కొలత అక్కడే నిలబడిపోతుంది, మనిషి కదిలినా మారదు.

ఈ సూర్యుడి గుర్తు నిజంగా అక్కరకు వచ్చేది మే నెలలో, తాతయ్యగుంట గంగమ్మ జాతరలో. బైరాగి వేషం రోజు ఒంటి నిండా తెల్లగా పూసుకుని వస్తారు. బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. ఫోన్ ఏం చూసినా మధ్యరకం వెలుగుకు తేవాలని చూస్తుంది. కాబట్టి తెల్లటి ఒళ్లు ఫ్రేము నిండా ఉంటే దాన్ని బూడిదరంగు చేస్తుంది, గుర్తును కొంచెం పైకి జరపండి. బొగ్గు పూసుకున్న మనిషి నిండా ఉంటే అనవసరంగా వెలుగు పెంచి పాలిపోయినట్టు చూపిస్తుంది, కిందికి జరపండి. ఎర్రకుంకుమ మండే ఎండలో ముద్దగా, గీతలు తెలియకుండా వస్తుంది. నీడలోకి వచ్చేదాకా ఆగండి.

బెల్లం వండేచోట కష్టం వేరు. పెనం మీద రసం మరుగుతుంటే ఆవిరి వచ్చి లెన్సు మీద పేరుకుంటుంది. తుడిచిన మరుక్షణం మళ్లీ పేరుకుంటుంది. చల్లటి ఫోన్ వల్ల వచ్చే తంటా అది. లోపలికి పోయాక ఐదు నిమిషాలు ఫోన్ జేబులోంచి తీసి చేతిలోనే పట్టుకోండి, అక్కడి వేడికి అలవాటు పడుతుంది. గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి అటు వైపే నిలబడండి, ఆవిరి అవతలికి పోతుంది. పొయ్యిలో చెరకు పిప్పి ఎగదోసేవాడి వైపు నుంచి తీస్తే మంట వెలుగు మొహం మీద పడుతుంది. ఫ్లాష్ మాత్రం వేయకండి. ఆవిరి తెల్లగోడలా వస్తుంది.

రాత్రి పూట రెండు మోచేతులూ ఒంటికి ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కండి. గోడ దొరికితే ఇంకా మంచిది.

6. ఆ పూటే రాసుకోండి

అసలు పని ఇదే. ఫోటో చెడిపోతే రేపు మళ్లీ తీయొచ్చు. మాట చెడిపోతే దొరకదు. ఇంటికి పోయి రాద్దామనుకుంటే సగం మీ మాటలే కలుస్తాయి. నాకు ఈ తప్పు ఎట్లా తగిలిందో ఆఖర్లో చెప్తాను.

చోటు దాటకముందే, పక్క టీ అంగట్లో నిలబడైనా సరే, ఈ ఆరూ రాయండి:

- పేరు (చెప్పడం ఇష్టం లేకపోతే 'పూలవ్వ' అని), ఊరు
- రోజు, తేదీ, వేళ
- ఏం చేస్తున్నారు, వాళ్లు ఆ పనిని ఏ మాటతో పిలుస్తారు
- ఫోటోకు ముందు ఏం జరిగింది, తర్వాత ఏం జరిగింది
- వాళ్లన్న ఒక మాట, వాళ్ల యాసలోనే
- ఫోటోలో కనబడనిది ఒకటి: వాసన, చప్పుడు, ధర, ఎవరి కోసమో ఎదురుచూపు

"మీ గురించి చెప్పండి" అని అడగొద్దు. టీవీ వాళ్లనుకుని "అందరూ బాగుండాల సామీ" అని ముగిస్తారు. చేతిలో ఉన్న వస్తువు గురించి అడగండి. "ఈ కత్తెర ఎన్నేళ్లదన్నా?" "మూర ఇంత అని ఎవరు నేర్పించినారవ్వా?" "ఈ సంచి మీద పేరు ఎవరిది?" వస్తువు దగ్గర మొదలైన మాట మనిషి దగ్గరికి దానంతటదే వస్తుంది.

ఇంకో మాట. అడిగాక నోరు మూసుకోండి. మాట ఆగిందని వెంటనే ఇంకో ప్రశ్న వేస్తాం. ఆగనీయండి. ఆ ఖాళీలోనే అసలు సంగతి వస్తుంది.

7. ఏరడం

ఆ రాత్రే ఏరకండి. అన్నీ బాగున్నట్టే కనబడతాయి. రెండు రోజులు ఆగండి. మసకగా వచ్చినవి తీసేసి, మిగిలినవాటిని ఇంట్లో ఎవరికైనా ఏమీ చెప్పకుండా చూపించండి. ఏ ఫోటో దగ్గర "ఇదేంది?" అని అడిగారో అదే మీ ఫోటో. "బాగుంది" అన్నవన్నీ పక్కన పెట్టండి.

మెరుగులు దిద్దడం తక్కువలో ఉంచండి. వంకర సరిచేయడం, అంచు కత్తిరించడం, కొంచెం వెలుగు. రంగులు పెంచితే చేలు ప్లాస్టిక్ చేలు అవుతాయి. అడ్డంగా ఉన్న కరెంటు తీగను తుడిపేసే సదుపాయం ఇప్పుడు ఫోన్లలోనే ఉంది. నేను వాడను. ఆ తీగ ఆ వీధిలో ఉంది.

8. నాలుగు మాటలు రాయడం: ఒక ఉదాహరణ

అలిపిరి నుంచి తిరుమలకు నడకదారిలో మెట్లు 3,550. ఆ ప్రతి మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టుకుంటూ ఎక్కేవాళ్లను మీరూ చూసి ఉంటారు. 2024 నవంబరు 9, శనివారం నాడు అట్లాంటి అవ్వనొకామెను తీశాను. వంగి ఉంది, వేళ్లు మెట్టు మీద. వెనక మనవడు రెండు పొట్లాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మొదట రాసింది ఇది:

"భక్తి పారవశ్యంలో మెట్టు మెట్టుకూ పసుపు కుంకుమలు సమర్పిస్తున్న వృద్ధురాలు. ఆ ఏడుకొండలవాడి లీలలు అనంతం."

దీన్లో తప్పు ఎక్కడుంది? మొదటి వాక్యం కంటికి కనబడేదే మళ్లీ చెప్పింది. రెండోది ఏ ఫోటో కిందైనా అతుకుతుంది. అవ్వ ఎవరో, ఎందుకొచ్చిందో లేదు. 'వృద్ధురాలు' అనే మాటను మేమెవరమూ ఇంట్లో అనం.

రెండోసారి, పుస్తకం దగ్గర పెట్టుకుని:

"పీలేరు పక్క పల్లె నుంచి వచ్చిన అవ్వ. మనవడు పదో తరగతి తప్పి, సప్లిమెంటరీలో పాసయ్యాడు. పాసైతే మెట్టు మెట్టుకూ బొట్టు పెడతానని ఆమె మొక్కుకుంది. పొట్లాలు పట్టుకుని వెనక వస్తున్నది ఆ మనవడే."

ఇప్పుడు కథ వచ్చింది. కానీ ఆ పూట జరిగింది ఇంకా రాలేదు. మొక్కు గురించి తెలిసింది, మెట్ల మీద ఏం జరిగిందో తెలీదు. మూడోసారి:

"మొక్కు అవ్వది, పరీక్ష మనవడిది. పదో తరగతి సప్లిమెంటరీలో పాసైనందుకు పీలేరు పక్క పల్లె నుంచి వచ్చి మెట్టు మెట్టుకూ బొట్టు పెడుతోంది. వాడు వెనకే నిలబడి, 'ఈ మెట్టు వదిలేసినావవ్వా' అని పట్టిస్తున్నాడు. గాలిగోపురం ఇంకా కొంత దూరం ఉందనగా పసుపు అయిపోయింది. వెనక వస్తున్న వేలూరు ఆవిడ తన పొట్లంలో సగం తీసి అవ్వ కొంగులో పోసింది. ఈమెకు అరవం రాదు, ఆమెకు తెలుగు రాదు. ఇద్దరూ కలిసి మళ్లీ వంగారు."

దీన్నుంచి పట్టుకోవాల్సినవి:

- మొదటి వాక్యంలో కంటికి కనబడనిది చెప్పండి.
- ఒక చిన్న మాట నేరుగా ఉండాలి. ఇక్కడ మనవడిది.
- ఏదో ఒకటి జరగాలి: అయిపోవడం, దొరకడం, జారిపోవడం, ఎవరో రావడం.
- విశేషణాలు కొట్టేయండి. అపురూపమైన, అద్భుతమైన, నిష్కల్మషమైన, అన్నీ.
- యాభై మాటలకు అటూ ఇటూగా ముగించండి. అంతకు మించితే ఫోటో పక్కకు పోతుంది.
- చివర నీతి రాయొద్దు. వాళ్లు వంగారు, మనం ఆగాలి.

9. ఇంట్లో పాత ఆల్బమ్

కొత్త ఫోటోల కన్నా ముందు చేయాల్సింది నిజానికి ఇదే. కొత్తవి రేపూ తీయొచ్చు. అవ్వాతాతలు ఉన్నప్పుడే పాతవాటికి పేర్లు దొరుకుతాయి.

ముందు ఫోటో వెనక అంచున మెత్తటి పెన్సిలుతో తేలిగ్గా ఒక నంబరు వేయండి. బాల్‌పెన్ను వాడొద్దు. గట్టిగా అదిమితే ముందువైపు గీత తేలుతుంది, సిరా ఊరుతుంది. ఆల్బమ్ పేజీకి అతుక్కుపోయిన ఫోటోను గోరుతో పీకొద్దు. పేజీతో పాటే ఫోన్లో కాపీ తీసుకోండి.

ఫోన్‌తో కాపీ తీసే పద్ధతి:

- ఉత్తరం వైపు కిటికీ పక్కన, నేరుగా ఎండ పడని చోట బల్ల మీద పరచండి.
- ఫ్లాష్ వద్దు, ట్యూబులైటు ఆపేయండి.
- ఫోన్ ఫోటోకు సరిగ్గా పైన, సమాంతరంగా. నాలుగు అంచులూ గ్రిడ్ గీతలకు సమంగా ఉండాలి.
- మెరుపు పడుతుంటే మీ వైపు నల్లగుడ్డ అడ్డం పట్టండి. నల్లటి దుప్పటైనా చాలు.
- వెనకవైపు కూడా తీయండి. స్టూడియో ముద్ర, నంబరు, ఎవరో రాసిన 'మునెమ్మ పెండ్లి' అన్న అక్షరాలు, అన్నీ పనికొస్తాయి.

స్కానరు దొరికితే పాస్‌పోర్టు సైజు లాంటి చిన్న ఫోటోలు 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) చేయించండి.

తర్వాత పెద్దవాళ్లతో కూర్చోవడం. మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాల్చి లేచాక మంచి వేళ. ఒక్కసారికి పది ఫోటోలు, అంతకు మించొద్దు. ఫోన్లో రికార్డింగ్ పెట్టి, పెట్టినట్టు చెప్పి, నంబరు పైకి చదివి ఫోటో చేతికివ్వండి. "ఏడో ఫోటో" అని మీరు అనకపోతే తర్వాత వింటే ఏ ఫోటో గురించో తెలీదు. నేను ఒక గంట రికార్డింగు ఇట్లాగే పోగొట్టుకున్నాను. మాటలన్నీ ఉన్నాయి, "ఈయన", "ఆమె", "ఇక్కడ" అని.

"ఇదెవరు?" అని అడిగితే పేరు చెప్పి ఊరుకుంటారు, లేదా గుర్తులేదని బాధపడతారు. "ఆ రోజు ఏం వండినారు?" "ఈ చీర ఎవరు తెచ్చినారు?" "ఫోటోకు మొగుడు ఎందుకు రాలేదు?" అని అడగండి. చీర దగ్గర జ్ఞాపకం గట్టిగా ఉంటుంది. ఇద్దరు పెద్దవాళ్లు రెండు రకాలుగా చెప్తే తగువు తీర్చకండి. రెండూ రాసి, ఏది ఎవరు చెప్పారో పక్కన పెట్టండి.

ఏడాది తెలియకపోతే ఫోటోలోనే వెతకండి. మన ప్రాంతానికి పనికొచ్చే గుర్తులు కొన్ని:

- బండి నంబరు ఏపీ 03తో మొదలైతే అది చిత్తూరు జిల్లాలో రిజిస్టరైన బండి. ఏపీ 39 ఉంటే ఫోటో 2019 లేదా ఆ తర్వాతది.
- కాళహస్తి గుడి దగ్గర పాత రాజగోపురం నిలబడి కనిపిస్తే 2010 మే 26కు ముందు తీసింది. ఆ రోజే అది కూలిపోయింది.
- తిరుపతి అంగడి కొత్త బోర్డు మీద 'తిరుపతి జిల్లా' అని ఉంటే 2022 ఏప్రిల్ 4 తర్వాతదే. 'చిత్తూరు జిల్లా' అని ఉంటే తొందరపడొద్దు. పాత బోర్డులు మార్చనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.
- కింది మూల నారింజరంగు అంకెల్లో తేదీ ఉంటే అది కెమెరా వేసింది. అయితే చాలామంది ఆ తేదీ సరిచేసుకునేవాళ్లు కాదు. పెండ్లి పత్రికతో పోల్చి చూడండి.

10. పేరు పెట్టడం, దాచడం

ఫైలు పేరు ఇట్లా: 2024-11-09_అలిపిరి_పసుపుమెట్లు_03. ఏడాది ముందు, నెల తర్వాత, రోజు ఆపైన. అప్పుడు వరస దానంతటదే కుదురుతుంది. రాసిన నాలుగు మాటలను అదే పేరుతో నోటు ఫైలుగా అదే ఫోల్డరులో పెట్టండి.

- మూడు కాపీలు: ఫోన్లో లేదా కంప్యూటర్లో ఒకటి, బయటి హార్డ్ డిస్కులో ఒకటి, ఇల్లు దాటి ఎక్కడైనా ఒకటి (క్లౌడ్ గానీ, అక్క ఇల్లు గానీ).
- గూగుల్ ఫోటోస్‌లో హద్దు లేకుండా ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1తో పోయింది. ఉచితం 15 జీబీ వరకే, అందులోనే మెయిలు కూడా.
- వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చిన్నదైపోతుంది, తేదీ, లొకేషన్ వివరాలు పోతాయి. డాక్యుమెంటుగా పంపండి.
- మనుషుల ఇళ్ల ఫోటోలు నలుగురిలో పెట్టేముందు లొకేషన్ తీసేయండి. డాక్యుమెంటుగా పంపితే అది కూడా వెళ్తుందని గుర్తుంచుకోండి.

11. తరచూ వచ్చే తప్పులు

అందరూ కెమెరా వైపు చూస్తూ బిగుసుకున్నారా? తీశానని చెప్పి ఫోన్ కొంచెం దించండి. ఊపిరి వదిలి నవ్వుతారు. అప్పుడు నొక్కండి.

మనిషి తల మీంచి స్తంభం మొలిచినట్టు వచ్చిందా? ఒక్క అడుగు పక్కకు. అంతే.

కథ ఉంది, ఫోటో బాగా రాలేదా? కథ రాసి, వస్తువు ఫ్రేము వాడండి. మొహం లేకపోయినా ఫర్వాలేదు.

ఫోటో ఉంది, కథ దొరకలేదా? కల్పించొద్దు. తేదీ, చోటు, 'పేరు అడగలేదు' అని రాసి వదిలేయండి. కల్పించి రాసిన కథ ఆ మనిషి బంధువుల కంట పడే ఊళ్లు మనవి. చెప్పులు విసరకపోయినా, మళ్లీ ఆ వీధిలోకి పోలేం.

12. ప్రింటు ఇవ్వడం

తీసిన మనిషికి ఒక ప్రింటు ఇవ్వండి. 4×6 అంగుళాల ప్రింటుకు 1200×1800 పిక్సెళ్లు చాలు, ఏ ఫోనైనా ఇస్తుంది. ఎక్కువ కత్తిరించిన ఫోటో అయితే ఆ కొలత ఒకసారి చూసుకోండి. వెనక అంచున పెన్సిలుతో తేదీ, ఊరు, మీ పేరు. రాసిన నాలుగు మాటలు వేరే కాగితం మీద రాసి కవర్లో పెట్టండి. చదువురాని వాళ్లకైతే ఎవరిచేతనైనా చదివించమని చెప్పండి. తప్పులు అక్కడే బయటపడతాయి.

అలిపిరి మెట్ల అవ్వకు అట్లాగే పోస్టులో పంపాను. మనవడు అడ్రసు ఇచ్చి ఉన్నాడు. పది రోజులకు వాడే ఫోన్ చేశాడు.

"సార్, అవ్వ మాట్లాడతాదంట."

"నాయనా, ఫోటో బాగుంది. వీడు చదివి చెప్పినాడు. పసుపు యాడ అయిపోయింది? అయిపోయింది కుంకుమ."

నాకు బాగా గుర్తుందని చెప్పబోయాను. ఆ రోజు పుస్తకంలో మొక్కు సంగతి, మనవడి మాట అక్కడే రాసుకున్నాను. పొట్లం సంగతి మాత్రం మర్నాడు ఇంట్లో, గుర్తుచేసుకుని రాసింది. ఫోల్డరు తెరిచి చేతుల ఫ్రేము పెద్దది చేసి చూశాను. మనవడి ఎడమ చేతిలో పసుపు పొట్లం నిండుగా ఉంది. కుడి చేతిలోది నలిపేసిన ఖాళీ కాగితం, మడతల్లో కాస్త ఎరుపు.

పాత వాక్యాన్ని చెరపలేదు. దాని కిందే, 'అయిపోయింది కుంకుమ, అవ్వ ఫోన్లో చెప్పింది' అని తేదీ వేసి రాశాను. కాగితం మళ్లీ రాసి ఇంకో కవర్లో పీలేరుకు పంపాను.